మావయ్య దించిన తలుపు

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా మావయ్య నన్ను దొంగను చూసినట్టు చూసేవారు. బాధపడకు, అందర్నీ అలాగే చూస్తారని మా ఆయన ముందే చెప్పి పెట్టారు గానీ, చెప్పినంత మాత్రాన ఒళ్లు మండకుండా ఉంటుందా? నేను అన్నం వార్చినా, అలమరలో బట్టలు సర్దినా గుమ్మంలో నిలబడి కనిపెట్టేవారు. పాలవాడు వస్తే పాలచుక్క బొటనవేలి గోటి మీద వేసుకుని, జారుతుందా నిలుస్తుందా అని చూసేవారు. కొత్త చెప్పులు కొంటే లోపల తోలుకు బదులు అట్టముక్క పెట్టారేమోనని అంచు విప్పి చూసేవారు. విప్పాక అవి తోలువైనా అట్టవైనా తొడుక్కోవడానికి పనికొచ్చేవి కావు. దారిలో ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వీడికి నాతో ఏం పని పడిందబ్బా అని సాయంత్రం దాకా ఆలోచించేవారు. తన నీడను తానే నమ్మని మనిషని సందులో అనుకునేవాళ్లు. నీడ సంగతి నాకు తెలీదు, నన్ను మాత్రం నమ్మలేదు.

ఆయన ఉద్యోగం సముద్రానికి తలుపు వేయడం. వేళాకోళానికి అనడం లేదు, నిజంగా అదే పని. మా సందు ముందు పెద్ద మడుగు. మడుగు అవతల మట్టికట్ట. కట్ట అవతల సముద్రం. కట్ట మధ్యలో తూము, తూముకు ఇనప తలుపు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఉప్పునీళ్లు లోపలికి రాకుండా ఆ తలుపు దించాలి. ఆటు మొదలై నీళ్లు వెనక్కి తగ్గాక ఎత్తి, మడుగులో చేరిన ఊరి నీళ్లను బయటికి వదలాలి. సముద్రానికి ఆదివారం సెలవు లేదు గనక మావయ్యకూ లేదు. కట్ట వేసే రోజుల్లో ఆయన అక్కడ రాళ్లు మోసిన కూలీ అట. కాపలాకు పెట్టిన ప్రతివాడూ నిద్రపోతూ దొరికిపోతుంటే, పక్కవాడు నిద్రపోతాడేమో అన్న అనుమానంతో తాను కన్ను మూయని ఈయనను పిలిచి ఉద్యోగం ఇచ్చారట. అనుమానం మనిషికి అన్నం పెట్టడం నేను ఆ ఒక్కచోటే చూశాను.

మడుగు ఒకప్పుడు ఎలా ఉండేదో గానీ, నేను వచ్చేసరికి అది నీళ్లూ కాదు, నేలా కాదు. ఊరి మురుగుకాల్వ మా పెరళ్ల వెనక నుంచి చుట్టు తిరిగి వచ్చి అందులో కలిసేది. ఒడ్డున రంగుల ఫ్యాక్టరీ ఉండేది. వాళ్లు ఆ రోజు గుడ్డకు ఏ రంగు వేస్తే మడుగులో ఆ మూల అదే రంగు. మిగతా అంతా నలుపు. చిరిగిన పరుపులు, ప్లాస్టిక్ సంచులు, విరిగిన కుర్చీలు ఏళ్ల తరబడి పూడుకుపోయి, పిల్లి నడిచినా దిగబడే బురద. ఆ గాలికి నా కాళ్ల పట్టీలు నెల తిరక్కుండానే నల్లబడ్డాయి. పుట్టింటివాళ్లు కల్తీ వెండి పెట్టారేమో కనుక్కోమని మావయ్య మా ఆయనతో చెప్పడం విన్నాను. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడటం లేదో అని ఆయన నన్ను ఇంకొంచెం అనుమానించారు.

వాన గట్టిగా పట్టిందంటే సందు మునిగేది. "సముద్రం దూకింది" అనేవాళ్లు. అందుకే మా సందులో ప్రతి ఇంటికీ వీధి గడప మోకాలెత్తున ఉంటుంది, వీధి సముద్రం వైపు కాబట్టి. పెరటి గడప మాత్రం నేలబారు. ఊరి వైపు నుంచి చుట్టాలు తప్ప ఇంకేం వస్తుందిలే అని ధీమా. తాతల నాటి నుంచీ అలాగే కట్టుకున్నారు, మునిగిన ప్రతిసారీ వీధి గడపే ఇంకో వరస లేపుకున్నారు.

మా అత్తయ్యను నేను చూడలేదు. నేను రాకముందే పోయింది. ఆ కథ ఎదురింటి దర్జీ అక్క నాకు జాకెట్టు కొలతలు తీసుకుంటూ చెప్పింది. అత్తయ్యకు జ్వరం, వెనకగదిలో మంచం మీద పడుకుని ఉంది. వాన దంచి కొడుతోంది, సముద్రం పోటు మీద ఉంది. మావయ్య తలుపు దించడానికి కట్ట మీదికి పరిగెత్తారు. ఆయన తిరిగి వచ్చేసరికి సందులో నడుం లోతు నీళ్లు, వెనకగదిలో అంతకంటే ఎక్కువ. "సముద్రం మింగేసింది మహాతల్లిని" అంది దర్జీ అక్క, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

అంతకుముందు తలుపును ఎత్తి దించే చక్రానికి తగిలించే హ్యాండిలు తూము దగ్గరి గదిలోనే ఉండేదట. అత్తయ్య పోయాక మావయ్య దాన్ని ఇంటికి తెచ్చి మంచం కింద పెట్టుకోవడం మొదలుపెట్టారు. తాను దించి వచ్చాక ఫ్యాక్టరీ వాళ్లెవరో తమ నీళ్లు వదలడానికి తలుపు ఎత్తి ఉంటారని ఆయన అనుమానం. ఎవరు ఎత్తారో తేలకుండానే ఏళ్లు గడిచాయి. ఆ తేలకపోవడం మీదే ఆయన బతుకు నిలబడి ఉందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

అలాంటి సందులోకి ఒకావిడ వచ్చింది. మడుగు బాగుచేసే పని ఆవిడకు అప్పగించారట. ఎప్పుడు చూసినా మోకాళ్ల దాకా బురద కొట్టుకుని ఉండేది గనక వచ్చిన రెండో రోజుకే సందు ఆవిడకు బురదమ్మ అని పేరు పెట్టేసింది. దర్జీ అక్క వరండాలో అందర్నీ కూర్చోబెట్టి ఆవిడే చెప్పింది. ఫ్యాక్టరీ గొట్టం మూయిస్తారట. పూడిక తీస్తారట. ఉప్పునీళ్లలో పెరిగే మడ మొక్కలు నాటుతారట. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత తూము తలుపు ఎత్తేసి, సముద్రాన్ని రోజూ మడుగులోకి రానిచ్చి పోనిస్తారట. మొక్కలు నిలదొక్కుకున్నాక కట్టే రెండు చోట్ల తెగ్గొడతారట. అప్పుడు మా సందుకు ముంపు తగ్గుతుందట.

సముద్రాన్ని ఆపడానికి సముద్రాన్నే పిలవమంటే కొరివితో తల గోక్కోమన్నట్టు కాదా? దర్జీ అక్క ఆవిడ వెళ్లేదాకా ఆగి, మొదట మొక్కలంటారు, తర్వాత కొలతలంటారు, ఆ తర్వాత మనల్ని సామాన్లు సర్దుకోమంటారు, చూస్తూ ఉండండి అంది. సముద్రం కనబడేలా మేడలు కట్టుకునేవాళ్ల డబ్బు దీని వెనక ఉందని తాను పనిచేసే ఐసు ఫ్యాక్టరీలో అనుకుంటున్నారని మా ఆయన చెప్పారు. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆవిడ బూట్లు ఖరీదైనవని నేను చెప్పాను. అందరం తలో అనుమానం వేశాం. విచిత్రంగా మావయ్య ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. ఆ రోజుకది నాకు వింతగా తోచిందంతే.

ఒక మధ్యాహ్నం బురదమ్మ కాళ్లు కడుక్కోవడానికి నీళ్లడుగుతూ మా ఇంటికి వచ్చింది. వంటింట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చాను. ఇచ్చి, కడుపులో ఉన్నది కక్కేశాను. సముద్రాన్ని మా నెత్తిమీదికి ఎందుకు తెస్తున్నారమ్మా అన్నాను. ఆవిడకు కోపం రాలేదు.

"మీ ఇల్లు సముద్రం ముంచడం లేదండీ. ఊరి వాన నీళ్లు ముంచుతున్నాయి. వాటికి బయటికి పోవడానికి ఉన్నది ఆ తూము ఒక్కటే. సరిగ్గా పోటు వేళ దాన్ని మూసేస్తున్నారు. నిలబడదామంటే మడుగులో చోటు లేదు, అంతా పూడిక. ఇక కాల్వలోంచి వెనక్కి తన్ని మీ పెరట్లోంచి వస్తాయి. సింకు గొట్టంలో గుడ్డ కుక్కి కుళాయి తిప్పితే ఏమవుతుంది?"

నేను సింకు వైపు చూడలేదు. వెనకగది వైపు చూశాను. ఆవిడ మాటే నిజమైతే అత్తయ్యను సముద్రం మింగలేదు. మావయ్య దించిన తలుపు మింగింది.

ముందుగదిలో మావయ్య పడక్కుర్చీ కిర్రుమంది. ఆయనకు అప్పటికే కాస్త చెముడు. విన్నారో లేదో తెలీదు. బురదమ్మ వెళ్లాక టీ ఇమ్మంటే ఇచ్చాను, ఆయన మొహంలోకి చూశాను, ఏమీ కనబడలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అనుమానం ఒక్కరి సొత్తు కాకుండా పోయింది. ఆయన ఊరందర్నీ కనిపెడుతుంటే నేను ఆయనను కనిపెట్టడం మొదలుపెట్టాను. తెలుసా ఈయనకు, తెలీదా? మా ఆయనను కదిలిస్తే, అమ్మ పోయిన రోజు గురించి ఈ ఇంట్లో మాట్లాడుకోం అని చెప్పి షిఫ్టుకు వెళ్లిపోయారు.

పూడిక తీత మొదలైంది. పొక్లెయిన్లు బురద తవ్వి పోస్తుంటే టిప్పర్లు టార్పాలిన్ కప్పుకుని పోయేవి. బురదకు దుప్పటి ఎందుకు కప్పుతున్నారు, దానికేమైనా చలా అని మావయ్య సైకిలు తీసుకుని ఒక టిప్పరు వెంట పడ్డారు. ఎక్కడో దూరంగా పారబోయాల్సిన విషపు బురదను కాంట్రాక్టరు మనుషులు రోడ్డంతా చుట్టి తెచ్చి, అదే మడుగు అవతలి మూల రెల్లు దుబ్బుల వెనక దించుతున్నారు. ఇక్కడ తవ్వడం, అక్కడ పోయడం. మావయ్య వచ్చి సందంతా టముకు వేశారు. బురదమ్మ స్వయంగా వెళ్లి చూసి, ఆ కాంట్రాక్టరును పంపించేసి, పోసినదంతా మళ్లీ ఎత్తించింది. తర్వాత మా ఇంటికి వచ్చి మావయ్యకు రెండు చేతులూ జోడించి, మీరు లేకపోతే మోసపోయేదాన్ని బాబాయిగారూ అంది. మావయ్య ఆ పూటంతా వీధి గుమ్మంలో కూర్చుని ఆలోచించారు. ఆవిడ నాకు దండం ఎందుకు పెట్టిందంటావు, ఏదో పెద్ద పనే ఉండి ఉంటుందని నన్నడిగారు. మంచి చేసినా అనుమానమే, మంచి జరిగినా అనుమానమే. ఈ మనిషితో ఎలా వేగాలి అనుకున్నాను.

తలుపు ఎత్తి ఉంచమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మావయ్య గొణుక్కుంటూనే ఎత్తారు. పోటు వేళ సముద్రం మెల్లగా లోపలికి వచ్చి, కొత్తగా నాటిన మడ మొక్కల మొదళ్లు తడిపి, ఆటు వేళ వెనక్కి పోయేది. ఫ్యాక్టరీ గొట్టానికి సిమెంటు పడింది. కంపు తగ్గుతూ తగ్గుతూ ఒకరోజు వంటింటి కిటికీ తెరిచి ఉంచగలిగాను. బురదలో పీతలు బొరియలు చేసుకున్నాయి. నీళ్లలో రొయ్యపిల్లలు తిరగడం మొదలయ్యాక కొంగలు వచ్చాయి, వాటి వెనక సన్నకాళ్ల ఉల్లంకిపిట్టలు వచ్చాయి. సందంతా పనులు మానుకుని చూసింది. మావయ్య మాత్రం అవి ఫొటోల కోసం పంజరాల్లో తెచ్చి వదిలిన పిట్టలన్నారు. కాళ్లకు దారాలు కట్టి ఉంటాయి చూడమని మూడేళ్ల మా పాపను పక్కన కూర్చోబెట్టుకుని పొద్దున్నంతా కొంగల కాళ్లు పరీక్షించారు. దారాలు దొరకలేదు. సన్నటి దారాలై ఉంటాయన్నారు.

అప్పుడే బురదమ్మ ఒక తప్పు చేసింది. మంచి మనసుతోనే చేసింది. అత్తయ్య సంగతి ఎవరో చెప్పినట్టున్నారు, మా ఇంటికి వచ్చి మావయ్య ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని, ఎవరూ అడక్కుండానే చెప్పింది. ఆ రోజుల్లో మడుగు ఎంత పూడిపోయి ఉందో పూడిక తీయించేటప్పుడు తాను చూశానని, తలుపు తీసి ఉన్నా నీళ్లు పోయేవి కావని, ఎవరి తప్పూ లేదని. మావయ్య లేచి నిలబడ్డారు. తప్పని ఎవరన్నారిప్పుడు అని, కండువా భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉందే అని నా మనసుకు తట్టింది, తట్టినందుకు నామీద నాకే అసహ్యం వేసింది. సాయంత్రం ఆయనే నా దగ్గరికి వచ్చి, ఊరికే ఎవరూ ఎవర్నీ ఓదార్చరమ్మా, ఆవిడ నా దగ్గర ఏదో దాస్తోంది అన్నారు.

ఆ తర్వాత మడ మొక్కలు పాలిపోవడం మొదలుపెట్టాయి. పోటు నీళ్లు వాటి దాకా రావడం లేదు. తలుపు చూస్తే ఎత్తే ఉంటోంది. బురదమ్మ తల పట్టుకుంది. ఎవరో దొంగచాటుగా పోటు వేళ దించి, మనుషులు లేచేసరికి ఎత్తేస్తున్నారని తేలింది గానీ ఎవరన్నది తేలలేదు. ఫ్యాక్టరీ వాళ్లని కొందరు, పంపించేసిన కాంట్రాక్టరని కొందరు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ. అందరికంటే గట్టిగా అనుమానాలు చెప్పింది మావయ్యే. హ్యాండిలు ఆయన మంచం కిందే ఉంది కదా అని ఎవరికీ తట్టలేదు. అంతమందిని అనుమానించే మనిషిని ఎవరు అనుమానిస్తారు?

బట్టలు ఉతికేదాన్ని నేను. మావయ్య పంచె అంచుకు గ్రీజు మరక. తలుపు ఎత్తే ఉంచుతున్నప్పుడు ఆ చక్రంతో ఆయనకు పని లేదు, గ్రీజు అంటుకునే సందర్భం లేదు. మర్నాడు ఇంకో పంచెకు కూడా అంటింది. కంచే చేను మేస్తోంది. సబ్బు బిళ్ల చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. చెబితే ఉద్యోగం పోతుందన్న భయం కాదు నాది. అడిగితే ఆయన ఏం చెబుతారో అన్న భయం. మరక పోయేదాకా రుద్ది ఆరేశాను. ఎవరికీ చెప్పలేదు.

వాయుగుండం వచ్చింది. పొద్దున మొదలైన వాన మధ్యాహ్నానికి తెరిపి ఇవ్వకపోగా ముదిరింది. పెరటి వెనక కాల్వ అంచుల దాకా నిండింది. మా ఆయన ఐసు ఫ్యాక్టరీలో చిక్కుకుపోయారు. సముద్రం పోటు మీదికి వచ్చే వేళ. మావయ్య మంచం కింద చెయ్యి పెట్టడం చూశాను. హ్యాండిలు గోనెసంచిలో చుట్టుకుని, గొడుగు కూడా లేకుండా వెళ్లిపోయారు. నేను పాపను ఎత్తుకుని దర్జీ అక్క మేడ మీద వదిలేసి, కట్ట వైపు పరిగెత్తాను.

తూము మీది దిమ్మ ఎక్కేసరికి ఆయన హ్యాండిలు చక్రానికి తగిలించేశారు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు మడుగు, రెండూ పొంగుతున్నాయి. గాలికి ఇద్దరం కమ్మీ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

"దించకండి మావయ్యా" అన్నాను.

"దించకపోతే సముద్రం వస్తుంది."

"రాదు. ఆ సంగతి మీకూ తెలుసు."

ఆయన చెయ్యి చక్రం మీదే ఉంది. తిప్పలేదు. తర్వాత నాతో కాదు, ఆ ఇనుముతో చెబుతున్నట్టు తల వంచుకుని అన్నారు.

"ఆ రోజు నేను వెళ్లేసరికి పెరటి తలుపు విరిగి గదిలోకి పడి ఉంది. వీధి తలుపు వేసింది వేసినట్టే ఉంది. సముద్రమైతే వీధిలోంచి కదా రావాలి. చూశాను. చూసి కూడా ఇన్నాళ్లూ ఆలోచించలేదు. నువ్వు లేవకు, తలుపు దించి వచ్చేస్తా, ఒక్క చుక్క రాదు అని మీ అత్తయ్యకు చెప్పి వచ్చాను. లేవలేదు. నా మాట నమ్మింది." కాస్త ఆగి, "ఇవాళ ఇది తీసి ఉంచితే నీళ్లు రాలేదనుకో. అప్పుడు ఆ రోజు దాన్ని చంపిందెవరు?" అన్నారు.

ఓదార్చాల్సింది. మంచి కోడలైతే ఓదార్చేది. నాకు మాత్రం కోపం వచ్చింది. చచ్చిపోయిన మనిషి కోసం బతికున్న సందునంతా ముంచడానికి వచ్చిన ఆ ముసలాయన మీద, ఆయన మీద నాకు కలుగుతున్న జాలి మీద, అన్నిటి మీదా కోపం వచ్చింది.

"పాప వెనకగదిలో నిద్రపోతోంది. మీ ఇష్టం, దించండి" అన్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశారు. అబద్ధమని పట్టేస్తారనుకున్నాను. పట్టలేదు. హ్యాండిలు ఊడదీసి, గోనెసంచి కూడా మరిచిపోయి, నాకంటే ముందు ఇంటివైపు నడిచారు. నేను ఎంత వేగంగా నడిచినా అందుకోలేకపోయాను.

ఇంటికి వచ్చేసరికి ఆయన వెనకగది గుమ్మంలో నిలబడి ఉన్నారు. గదిలో ఎవరూ లేరు, చాప చుట్టినట్టే గోడకు నిలబెట్టి ఉంది. దర్జీ అక్క మేడ మీద నుంచి పాప కేకలూ నవ్వులూ వానలో కూడా వినబడుతున్నాయి. మావయ్య నావైపు తిరిగి చూశారు. పాలలో చెంచాడు నీళ్లు కలిపాడని పాలవాణ్ని మాన్పించిన మనిషి. తిట్టు కోసం ఎదురుచూశాను. ఆయన ముక్కాలిపీట తెచ్చి పెరటి గుమ్మంలో వేసుకుని, కాల్వకేసి మొహం పెట్టి కూర్చున్నారు.

నీళ్లు కాల్వ దాటి పెరట్లోకి వచ్చాయి. బట్టలుతికే రాయి మునిగింది. అన్ని ఇళ్ల వాళ్లూ పెరటి గుమ్మాల్లోకి వచ్చి, మూటలు కట్టుకుని మరీ చూస్తున్నారు. అవి అక్కడే ఆగాయి. కాసేపు పెరగలేదు, తగ్గలేదు. సందంతా రాకూడదని కోరుకుంటోంది. రావాలని కోరుకుంటున్నది మా మావయ్య ఒక్కరే. అది ఆయన వీపు చూస్తేనే తెలిసిపోతోంది. నీళ్లు ఒక్క జానెడు పైకి వచ్చి ఆ గడప తడిపితే చాలు, ఆయన గెలిచేవారు. ఒక్క క్షణం నేను కూడా, నా ఇల్లు మునిగినా సరే, రానీ అనుకున్నాను.

ఆటు మొదలైనట్టుంది. రాయి మళ్లీ కనబడింది. పక్క పెరళ్లలోంచి కబుర్లు వినిపించాయి, ఎవరో పెద్దగా నవ్వారు. బురదమ్మను మెచ్చుకుంటూ దర్జీ అక్క మేడ మీద నుంచి నాతో ఏదో అంటోంది. మావయ్య కదల్లేదు. నీళ్లు కాల్వలోకి దిగిపోయి పెరట్లో బురద తేలేదాకా అలాగే చూస్తూ కూర్చున్నారు.

"రాలేదు" అన్నారు చివరికి.

నేను వెళ్లి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను.

"ఇదీ ఒక వానేనా మావయ్యా? ఆ రోజు వాన దీనికి రెండింతలు. అంత వానకు తలుపు తీసినా ఒకటే, మూసినా ఒకటే."

ఆ రోజుకి నేను ఆ సందు మొహమైనా చూడలేదు. ఆ వాన ఎంతో నాకు తెలిసే వీల్లేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఇందాకే నన్ను ఒక అబద్ధంలో పట్టుకున్నారు కూడా. నువ్వు చూశావా, నీకెవరు చెప్పారని అడుగుతారనుకున్నాను. ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశారు.

"అవునమ్మా" అన్నారు. "ఆ రోజుది చాలా పెద్ద వాన."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన లేచి, నా తల మీద ఒకసారి చెయ్యి వేసి, పాపను తీసుకురావడానికి దర్జీ అక్క ఇంటికి వెళ్లారు.